కిటికీ మూయని జీవితం

వాక్యభాగం: దానియేలు 6:1-10



మనం తెలుగు నేలకు దూరంగా పుట్టి పెరిగినవాళ్లం. మన పెద్దల్లో కొందరు కోలార్ బంగారు గనులకు, కొందరు ముంబై మిల్లులకు కూలి పనికి వచ్చారు. తెలుగు బైబిలు, పాటల పుస్తకం వెంట తెచ్చుకున్నారు. అందుకే పరాయి దేశంలో బ్రతికిన దానియేలు మనకు దగ్గరివాడనిపిస్తాడు.

దానియేలుకు రెండు పేర్లున్నాయి. బబులోను కొలువులో అతనికి బెల్తెషాజరు అని మరో పేరు పెట్టారు (1:7). పేరు మార్చగలిగారు గాని, మనసు మార్చలేకపోయారు. ముప్పై రోజులపాటు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చింది. అది తెలిసీ అతడు ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న గదిలో రోజుకు మూడుసార్లు మోకరించాడు. అంతకుముందు రోజూ చేసినదే ఆ రోజూ చేశాడు. సింహాల గుహలోకి వెళ్లే ధైర్యం ఆ గదిలో ఏళ్ల తరబడి కూడింది.

ప్రియులారా, మనలో చాలామందికి కూడా రెండు పేర్లున్నాయి. సంఘ రిజిస్టరులో ఒకటి, క్యాస్ట్ సర్టిఫికెట్‌లో ఒకటి. ఎందుకు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్నాక అద్దె ఇంటివాళ్లు మన కులం అడగడం మానారా? కులం వెంటే వచ్చింది, రక్షణ చట్టాలు మాత్రం వెనకే ఉండిపోయాయి.

పాస్టర్లమైన మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. ఫీజు కట్టలేక, సీటు పోతుందన్న భయంతో రెండో పేరు రాసుకున్న పిల్లల్ని పుల్పిట్ మీదనుంచి వేషధారులన్నాం. ఆ పరిస్థితి తెచ్చిన ఉత్తర్వు గురించి మాత్రం నోరు తెరవలేదు. జనం మీద బరువులు మోపి, తాము చేయి వేయనివారిని ప్రభువు గద్దించాడు (మత్తయి 23:4). ఆ గద్దింపు మాకే తగులుతుంది.

యౌవనస్థులారా, మీకూ ఒక మాట. కాగితం మీద దాచిన విశ్వాసం మెల్లగా మనసులోనూ దాక్కుంటుంది. ముందు కాలేజీలో మనమెవరమో చెప్పడానికి జంకుతాం. తర్వాత భోజనానికి ముందు కళ్లు మూసుకోవడానికి జంకుతాం. చివరికి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మోకాళ్లు వంగవు. కిటికీ రోజుకు కొంచెంగా మూసుకుపోతుంది.

అందుకే మూడు పనులు చేద్దాం.

మొదటిది, ప్రార్థనకు ఒక సమయం పెట్టుకుందాం. 2001లో కోలార్ గనులు మూతపడ్డాక అక్కడివాళ్లు ఎందరో తెల్లవారుజామునే బెంగళూరు రైలెక్కుతున్నారు. వాళ్లకు ఇంట్లో గంటసేపు వాక్యధ్యానం కుదరదు. రైల్లో ఒక కీర్తన చదువుకోవచ్చు. రాత్రి పది నిమిషాలు కుటుంబ ప్రార్థన చేసుకోవచ్చు.

రెండవది, పనిలో నమ్మకంగా ఉందాం. శత్రువులు ఎంత వెదికినా దానియేలు ఉద్యోగంలో తప్పు దొరకలేదు (6:4). లంచం తీసుకున్న చేతులతో ఆదివారం కానుక వేస్తే సాక్ష్యం నిలవదు.

మూడవది, అన్యాయాన్ని అన్యాయమని చెబుదాం. బాధపడేవారిని కరుణించమని దానియేలు రాజుతోనే అన్నాడు (4:27). ఆ మూడవ పేరా తొలగించమని మనమూ కలిసి అడుగుదాం. అలా అడిగే ముందు, మన సంఘాల్లో కులం చూసి పెళ్లిళ్లు, పదవులు నిర్ణయించే అలవాటును మానుదాం. ఇంట్లో ఉన్న కులాన్ని దాచిపెట్టి ప్రభుత్వాన్ని న్యాయం అడగలేం.

ప్రభుత్వం మన పేరును ఎలా రాసుకున్నా, దేవుడు మనల్ని పేరుపెట్టి పిలిచాడు (యెషయా 43:1). ఆ పిలుపుకు ఆదివారమే కాదు, సోమవారం కూడా జవాబిచ్చే కృపను ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.