చుట్టపొగ – చేతిలోని ఫోను



పల్నాటి పల్లెలలో పెద్దల చేత చుట్ట ఇంకను కనబడుచునే యున్నది. ఆ పొగ నోటి కేన్సరునకు దారితీయునని ఎందరు చెప్పినను మానువారు కొలదిమందియే. చెప్పుటయందును ఒక పద్ధతి కావలెను. దీనికి శ్రీకాకుళము జిల్లా తార్కాణము.

అచట పలువురు స్త్రీలు నిప్పుగల కొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్తురు. దానిని అడ్డపొగ యందురు. అది అంగిలి కేన్సరునకు ప్రధాన కారణము. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఆ జిల్లాలోను, ఎర్నాకుళము, భావనగరములలోను పొగాకు వాడు 36,000 మందికి ఏటేట నోరు పరీక్షించిరి. ముఖాముఖిగాను, ప్రచార సాధనముల ద్వారాను బోధించిరి. బోధ వలన పొగాకు మానినవారి సంఖ్య పెరిగినదని 1986లో ప్రకటించిరి.

నేడు ప్రచార సాధనము ప్రతి యింటను ఫోను రూపమున నున్నది. మానదలచినవారికి 1800-11-2356 అను సంఖ్యపై ఉచితముగా సలహా లభించును. 2018 నుండి దీనిని పొగాకు పొట్లములపై ముద్రించుచున్నారు. కాని విడిగా కొను చుట్టకు పొట్లమెక్కడిది? ఉన్నను, అక్షరము రానివారు చదువుటెట్లు?

ఇచ్చటనే గ్రంథాలయము పూనుకొనవలెను. ఆ సంఖ్యను గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. పత్రిక చదివి వినిపించు వేళ, మానదలచిన తాతగారికి ఫోను కలిపియిచ్చి ప్రక్కన కూర్చుండవలెను. నోటిలో రెండు వారములైనను మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడినచో నరసరావుపేటకో గుంటూరుకో వైద్యుని కడకు వెంటనే పంపవలెను.

ఈ రజతోత్సవ వత్సరమున ఊరిలో పదిమంది చుట్ట మానినను గ్రంథాలయ సేవ సార్థకమగును.