ఉబ్బసపు మందు వెల



రజతోత్సవ సభలో గ్రంథముల ప్రసక్తి విడిచి మందుల ధరలు మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గత శీతకాలమున మన చందాదారు ఒకరు ఈ మందిరముననే పత్రిక చదువుచు ఆయాసముతో కూలిపోవుట మనలో పలువురము చూచితిమి. వారి అనుమతితోనే ఇది చెప్పుచున్నాను. వారివద్ద ఇన్‌హేలరు లేకపోలేదు. ఉన్న రెండింటిలో వెల హెచ్చైన దానిని మూడు మాసముల క్రిందటనే మానివేసిరి. పీల్చినను ఏమియు తెలియదు, దండుగ యని వారి వాదము. ఆ రాత్రి పట్టణపు ఆసుపత్రిలో చెల్లించిన సొమ్ముతో ఆ మందు ఏడాదికి పైగా వచ్చియుండెడిది.

ఉబ్బసములో ఊపిరి గొట్టములు లోపల వాచును, చుట్టునున్న కండరములు బిగిసికొనును. పిల్లికూతలు అందువలననే. సాల్బుటమాల్ ఆ బిగువును నిమిషములలో సడలించును గాని వాపును తీయదు. వాపును తీయునది బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్. దాని గుణము దినముల తరబడి పీల్చినగాని తెలియదు. మనవారు మొదట మానునది అదియే!

మాత్రలు చవుక గదా యందురు. 4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ మాత్ర ఒక్కటి, 100 మైక్రోగ్రాముల ఇన్‌హేలరును 40 మార్లు నొక్కినంత మందు. ఇన్‌హేలరు బలమైన మందని జంకెడివారు ఈ లెక్క వేసికొనవలెను.

ఇక వెల సంగతి. పెట్టెపై ధరను లోనున్న మోతాదుల సంఖ్యచే భాగించి చూడుడు. 120 మోతాదుల డబ్బాను 200 మోతాదుల దానితో ఊరక పోల్చరాదు. 2013 నాటి ఔషధ ధరల ఉత్తర్వు ననుసరించి, ఆవశ్యక ఔషధముల జాబితాలోని మందులకు ప్రభుత్వము గరిష్ఠ ధర నిర్ణయించును. 2022 జాబితాలో సాల్బుటమాల్, బ్యుడెసొనైడ్, బ్యుడెసొనైడ్–ఫార్మొటెరాల్ మిశ్రమము ఉన్నవి. జాబితాలో లేని మిశ్రమములకు ఆ హద్దు లేదు. కనుక “అయ్యా, జాబితాలోని మందు నాకు సరిపోవునా?” యని వైద్యుని అడుగుటలో తప్పు లేదు. జన ఔషధి దుకాణములోను విచారింపుడు. అయితే దుకాణదారు మాటపై మందు మార్చకుడు. పొడి పీల్చు సాధనమునకు, గాలి డబ్బాకు పీల్చు తీరే వేరు.

అన్నిటికంటె పెద్ద దుబారా మన నోటిలో జరుగుచున్నది. తొందరగా నొక్కి పీల్చినచో మందులో అధికభాగము గొంతుకకు తగిలి అక్కడనే నిలుచును. స్పేసరు గొట్టము దానిని తప్పించును. అది కొనలేనివారి కొక మాట: దక్షిణాఫ్రికాలో 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున రంధ్రము చేసి, డబ్బా మూతిని దూర్చి, సందులేకుండ అతికించి పిల్లలకు వాడి చూచిరి. కొన్న స్పేసరుతో సమానముగా పనిచేసినట్లు 1999లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి. పాత సీసా వెల యెంత?

డబ్బాను కుదిపి, ఊపిరి వదలి, ఒక్కమారు నొక్కి, మెల్లగా పీల్చి, పది లెక్కించువరకు బిగబట్టవలెను. స్టెరాయిడ్ పీల్చినపిదప నోరు పుక్కిలింపవలెను. సభ ముగిసినపిదప పఠన మందిరమున ఒక సీసాతో ఇది చేసి చూపెదను. ఇన్‌హేలరు వెంట నున్నవారు దయచేసి తీసికొనిరండు. మన చందాదారుగారు కూడ తమది తెచ్చినారు.