కంప్యూటరులో శ్రుతి తప్పకుండుటెట్లు?



చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో ద్రౌపదమ్మ గుడుల ముంగిట పదునెనిమిది దినములు భారతోత్సవములు జరుగుట కద్దు. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. ఆ హరికథలను ఊరి యువకులే నేడు చేతిఫోనులలో పట్టి, ఇంటికడ కంప్యూటరులో పాత డిస్కులలోని పాటలతో జోడించి భద్రపరచుచున్నారు. ఇది మెచ్చదగిన పని. కాని అట్టివానిలో కొన్నింట భాగవతారు గొంతు సన్నబడును. లేదా పాట బరువెక్కి ఈడ్చినట్లుండును. దోషము గాయకునిది కాదు, లెక్కది. ఆ లెక్కను నేడు కొంచెము విచారింతము.

ధ్వని యనగా గాలిలోని కదలిక. కంప్యూటరు దానిని సెకనునకు ఇన్ని మార్లని కొలిచి, అంకెలుగా వ్రాసికొనును. ఈ కొలతల సంఖ్యకే శాంపిల్ రేటని పేరు. వినదలచిన అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపునకు మించి కొలువవలెనని శాస్త్రము. మనుష్యుని చెవికి సుమారు 20,000 కంపనములవరకే వినబడును గనుక, 40,000 దాటిన కొలతలు చాలును.

అట్లయిన 44,100 అను వింత సంఖ్య ఎక్కడిది? పూర్వము అంకెల ధ్వనిని వీడియో టేపుపై దాచెడివారు. గీతకు 3 కొలతలు, ఫీల్డునకు 245 గీతలు, సెకనునకు 60 ఫీల్డులు. గుణించి చూడుడు, 44,100 వచ్చును. 1982లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కు ఆ సంఖ్యనే నిలుపుకొన్నది. వీడియో, టెలివిజను రంగములవారు 48,000ను స్వీకరించిరి. ఇట్లు ఒకే ఇంట రెండు కుంచములు చేరినవి.

44,100 లెక్కన కొలిచిన పాటను యంత్రము 48,000 అని భ్రమించి వినిపించినదనుకొందము. గంట హరికథ 55 నిమిషముల 7 సెకనులకే ముగియును. ఒకటి శ్రుతిలో పాడిన భాగవతారు ఒకటిన్నరను దాటి రెండు శ్రుతివైపు పోవును. తలక్రిందులైనచో గంట కథ 65 నిమిషములు సాగి, గొంతు క్రుంగిపోవును. యంత్రము సవ్యముగా పనిచేసినచో ఈ బాధ లేదు. ప్రతి 147 కొలతలకు మారుగా 160 కొలతలను లెక్కకట్టి పూరించును. కాలమును మారదు, శ్రుతియు మారదు. దీనినే రేటు మార్పిడి యందురు.

ఇక మిశ్రమము. కంప్యూటరులో పాట, ఫోను పిలుపు, హెచ్చరిక గంట ఒక్కసారి వచ్చినను స్పీకరు ఒక్కటే. అందుచేత లోపలి మిశ్రమ కార్యక్రమము అన్నిటిని ఒకే రేటునకు తెచ్చి, కొలతకు కొలత కూడును. లినక్సులోని డీమిక్స్, పైప్‌వైర్ అనునవి మామూలుగా 48,000ను ఎన్నుకొనును. విండోసులోను స్పీకరు అమరికలలో ఒక రేటు నిర్ణయమై యుండును.

కూడికకు హద్దు కలదు. పదునారు బిట్ల ధ్వనిలో ఒక కొలత 32,767ను మించరాదు. భాగవతారు గొంతు 20,000, మృదంగపు దెబ్బ 20,000 ఒకే క్షణమున కలిసినచో 40,000 కావలెను. పట్టు లేదు గనుక తరంగపు శిఖరము తెగి, చెవికి గరుకుగా తగులును. కావున కలుపుటకు ముందే ఒక్కొక్కదానిని సగమునకు, అనగా ఆరు డెసిబెల్సు, తగ్గించుట మేలు. పిమ్మట స్పీకరు పెంచుకొనవచ్చును. తెగిన శిఖరము మాత్రము తిరిగి రాదు.

ఇందలి ముఖ్యవిషయ మొకటి. రేటు పేరు మాత్రమే తప్పిన ముద్రణను బాగుచేయవచ్చును. కొలతలన్నియు పదిలముగనే యున్నవి. పేరు దిద్దిన చాలును. కాని శ్రుతి తప్పిన గొంతును సరియైన మృదంగముతో కలిపి ఒకే ఫైలుగా దాచినచో, ఆ రెంటిని యథాస్థితికి విడదీయుట మిక్కిలి కష్టము.

కాబట్టి ఇంటిలో ఈ పని చేయువారు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది, ప్రతి ముద్రణ ఏ రేటున జరిగినదో పేరుతోపాటు వ్రాసియుంచవలెను. రెండవది, పని ఆరంభించునప్పుడే ఒక రేటు నిర్ణయించి, వేరు రేటు గలవానిని కార్యక్రమముచేతనే సక్రమముగా మార్పించి, మార్చిన పిదప నిడివి సరిచూడవలెను. మూడవది, కలిపిన ప్రతి ఎంత బాగున్నను మూలప్రతులను చెరిపివేయరాదు.

తిరుమలలో దొరకిన రాగిరేకులపై అన్నమాచార్యుల సంకీర్తనలు వేలకొలది నిలిచినవి. పాటకు రాగము పేరున్నది; ఆయన పాడిన వరుస మాత్రము రేకుపై లేదు. అందుచేతనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు అనేక కీర్తనలకు మరల వరుసలు కూర్పవలసివచ్చెను. మన కాలమునకు మాటతోపాటు గొంతును కూడ దాచు భాగ్యము లభించినది. రేపటి పిల్లలు మన ఊరి భాగవతారును వినునప్పుడు, ఆయన పాడిన శ్రుతిలోనే వినవలెను. అందులకు కావలసినది ఖరీదైన యంత్రము కాదు. ఫైలు పేరు ప్రక్కన జాగ్రత్తగా వ్రాసిన ఒక్క సంఖ్య.