గడ్డపు సబ్బు, క్రీము: ఏది మేలు?



ఉదయము ఆఱుగంటలు దాటిన తరువాత ప్రభుత్వోద్యోగుల క్వార్టర్సులో ఇంటింటను ఒక చిన్న కార్యము జరుగుచుండును. వంటింటినుండి ఇడ్లీపాత్ర ఆవిరి వచ్చుచుండును, ఆఫీసు బస్సు వేళ దగ్గఱపడుచుండును, గృహస్థు అద్దము ముందు నిలిచి బుగ్గలు పూరించి గడ్డము గీసికొనుచుండును. ఇరువదవ యేట ప్రారంభించి, అఱువదవ యేట ఉద్యోగవిరమణ చేయువఱకు ప్రతిదినము గీసికొనువాడు ఈ పనిని సుమారు 14,600 పర్యాయములు చేయును. పర్యాయమునకు ఐదు నిమిషములే అనుకొన్నను, రాత్రులతోసహా ఏబది పూర్తి దినములు అద్దము ముందే గడచిపోవును. అంత కాలము పట్టు పనిని గూర్చి కొంచెముసేపు ఆలోచించుట వృథా కాదు. ఇది పురుషుల గొడవయే అని స్త్రీలు తలంపవలదు. నెలసరకుల పట్టీలో సబ్బు వ్రాయవలెనా, క్రీము వ్రాయవలెనా అన్న ప్రశ్న ఇంటిల్లిపాదిదియును. మంచము పట్టిన మామగారికి తామే గడ్డము గీయు కోడండ్రును నేటి ఇండ్లలో ఉన్నారు.

అంగడిలో రెండు వస్తువులు కలవు. గిన్నెలో ఉంచుకొను గట్టి సబ్బుబిళ్ళ ఒకటి, ట్యూబులో వచ్చు క్రీము మఱియొకటి. ఏది మేలని అడిగినవారికి సాధారణముగా దొరకు సమాధానము, చెప్పువాడు ఏది వాడుచున్నాడో అదియే. కాని అసలు సంగతి వేఱు. వెంట్రుకను మెత్తపఱచునది సబ్బు కాదు, క్రీమును కాదు. నీరు.

వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. పొడిగా ఉన్నపుడు అది మొండిగా ఉండును. నీరు పీల్చుకొన్నచో ఉబ్బి, మెత్తబడును. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు నానిన వెంట్రుకను తెగగొట్టుటకు కావలసిన బలము చాల తగ్గును. ఐతే ముఖముమీద సహజముగా ఊరు నూనె నీటిని సులభముగా లోనికి పోనీయదు. సబ్బు ఆ నూనెను కడిగివేయును. దాని నురుగు నీటిని ఆరిపోకుండ వెంట్రుకల మొదళ్ళయందు నిలిపి యుంచును, కత్తి జాఱుటకు దారి చేయును. ఎంత వెలగల ట్యూబైనను ఇంతకుమించి చేయునది లేదు.

పూర్వులు దీనిని బాగుగ నెఱిగియుండిరి. ఆశ్వలాయన గృహ్యసూత్రము చౌలకర్మను చెప్పుచు, వేడినీటిని చన్నీటిని కలిపి, అందుకు వెన్నగాని పెరుగుబిందువులుగాని చేర్చి, శిశువు తలను ముమ్మాఱు తడిపిన తరువాతనే కత్తిని తాకింపవలెనని విధించినది. గోరువెచ్చని నీరు, దానిపై కొంచెము జిడ్డుదనము. నేటి ట్యూబులమీద అచ్చువేయు సూచనలు ఇంతకంటె ఎక్కువ ఏమియు చెప్పుట లేదు. పల్లెలోని నాయీబ్రాహ్మణుడును అదియే చేసెడివాడు. అరుగుమీద ఎదురెదురుగ కూర్చుండి, పొది విప్పి, చెంబులోని నీటిని అఱచేతితో చెంపలకు పలుమాఱు రుద్దెడివాడు. ఊరి సంగతులు చెప్పుచు రుద్దెడివాడు గనుక కాలము తెలిసెడిది కాదు, వెంట్రుక మాత్రము నానెడిది. పెండ్లిలో నాదస్వరము వాయించు వ్రేళ్ళును పెక్కు ఊళ్ళలో ఆ వ్రేళ్ళే. వాని మెలకువను గూర్చి ఆశ్చర్యపడనక్కఱలేదు.

ఆ పని నిపుణుని చేతినుండి గృహస్థు చేతిలోనికి వచ్చుటకు కారణము సేఫ్టీ రేజరు. అమెరికాలో కింగ్ సి. జిలెట్ 1901లో సంస్థను స్థాపించి, 1903లో అమ్మకము ప్రారంభించినపుడు ఆ యేడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులకు రేజర్లు పంచిన తరువాత ఇంటిలో గీసికొను అలవాటు లోకమంతట వ్యాపించినది. ట్యూబు చరిత్ర మఱింత వింతైనది. జాన్ గాఫ్ రాండ్ అను చిత్రకారుడు 1841లో, రంగులు ఎండిపోకుండుటకై, నొక్కిన ముడుచుకొను లోహపు గొట్టమునకు పేటెంటు పొందెను. తరువాత దంతధావనపు ముద్దయు, గడ్డపు క్రీమును అందులోనే కాపురము పెట్టినవి. బ్రష్షు అవసరమే లేని క్రీము 1919లో బార్బసాల్ అను పేరుతో అమెరికాలో వెలువడినది. నొక్కినంతనే బుసబుస నురుగు వచ్చు డబ్బాలు 1950 ప్రాంతమున వచ్చినవి. ఈ డబ్బా నురుగు చూపులకు మబ్బువలె నుండునుగాని అందులో గాలి పాలెక్కువ. ముఖమును ముందుగా నానబెట్టనివానికి అది కంటితృప్తి మాత్రమే.

ఇక సబ్బు, క్రీము అనువాని స్వరూపము. నూనెనుగాని కొవ్వునుగాని క్షారముతో కలిపి కాచిన సబ్బు అగును. సోడా క్షారమువలన గట్టి సబ్బు వచ్చును, అది నీటిలో మెల్లగా కరగును. పొటాష్ క్షారమువలన మెత్తని సబ్బు వచ్చును, అది త్వరగా కరగును. ఒంటిసబ్బు సాధారణముగా సోడా సబ్బు. గడ్డపు బిళ్ళలో రెండు క్షారములును కలియును. క్రీములో పొటాష్‌దే పెత్తనము. రెండింటిలోను స్టియరిక్ ఆమ్లము హెచ్చుగా ఉండును. సన్నని బుడగలు గల, పెరుగుమీగడవంటి, త్వరగా ఆరని నురుగు దానివలననే వచ్చును. కొబ్బరినూనె సబ్బు నురుగు వెంటనే పొంగును, బుడగలు పెద్దవి, త్వరగా పగిలిపోవును. ఖర్చు కలిసివచ్చునని ఒంటిసబ్బుతో గడ్డము గీసికొనువారు ఎందఱో కలరు. కుడిచెంప ముగిసి ఎడమచెంపకు వచ్చులోపల నురుగు అట్టకట్టును, బ్లేడు జాఱక గీకును, మధ్యాహ్నమువఱకు మెడ మండును. సబ్బుమీద మిగిలిన డబ్బు బ్లేడుల క్రిందను, మంటకు పూయు మందుల క్రిందను పోవును.

గడ్డపు సబ్బు, క్రీము కావున వేఱు జాతులవి కావు, ఒక తల్లి బిడ్డలే. అన్న ఎండి గట్టిపడినవాడు, తమ్ముడు నీటిని వెంటబెట్టుకొని వచ్చినవాడు. క్రీము కొనువాడు ఆ నీటికిని వెల చెల్లించుచున్నాడు. బాదంగింజంత క్రీము సుమారు ఒక గ్రాము తూగును, పెక్కుమంది అంతకు రెండింతలు పిండుదురు. బిళ్ళనుండి బ్రష్షుకు ఎక్కునది అంతకంటె తక్కువ. జాగ్రత్తపరుని ఇంట 100 గ్రాముల బిళ్ళ నెలల తరబడి తఱుగనట్లే కనబడును. గిన్నెలో నీరు నిలువనీయక ఆరబెట్టవలెను, అంతే. డబ్బు లెక్కలో తీర్పు నిస్సంశయముగా సబ్బుపక్షమే. ఐతే ట్యూబు దొరకినంత సులభముగా బిళ్ళ అన్ని అంగళ్ళలోను దొరకదు. పాశ్చాత్యదేశముల పాత తరహా సబ్బులలో పశువుల కొవ్వు ముఖ్యద్రవ్యము. నియమము గలవారు పొట్లముమీది జాబితాలో టాలోయేట్ అను మాట ఉన్నదేమో చూచుకొనవలెను. పామేట్ అని ఉన్నచో అది పామాయిలునుండి వచ్చినది.

డబ్బుకంటె ముఖ్యమైనది నీటి సంగతి. బదిలీలమీద బ్రతుకు ఉద్యోగులకు ఇది ప్రత్యేకముగా వర్తించును. పప్పు ఉడకని నీరని గృహిణులు చెప్పునదే రసాయనశాస్త్రజ్ఞుల కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియము సబ్బుతో కలిసి కరగని తెల్లని మడ్డియగును. బకెట్టు అంచున పేరుకొను పొర అదియే. సబ్బులో కొంత ఈ మడ్డికి ఆహుతియైన తరువాతగాని నురుగు పుట్టదు. బొంబాయికి తాన్సా, వైతరణ, భాత్సా జలాశయములనుండి వచ్చునది నిలువచేసిన వాననీరే గనుక అచట సబ్బు చక్కగా నురగలెత్తును. అచటినుండి ఢిల్లీకి బదిలీయై, గొట్టపుబావి నీరు వచ్చు కాలనీలో దిగినవాడు అదే బిళ్ళను ఎంత తిప్పినను పలుచని పాలవంటి ద్రవమే వచ్చును. సబ్బు నకిలీదని అంగడివానితో తగవులాడి క్రీముకు మాఱును. తెలంగాణములోను రాయలసీమలోను పెక్కుచోట్ల బోరునీటితోను ఇదియే అవస్థ.

క్రీము ఇచట కొంత నయము. దానిలోని సబ్బు ముందే నీటిలో కలిసి మెత్తబడి యున్నది. నీరు చెడ్డదైనచో ఇంకొక గింజంత పిండుకొనవచ్చును. కాని క్రీమును సబ్బే గనుక కఠినజలము దానిని విడిచిపెట్టునని అనుకొనరాదు. మేలైన ఉపాయము నీటినే మార్చుట. గడ్డమునకు కావలసినది గ్లాసెడు నీరు. త్రాగునీటికై ఆర్.ఓ. యంత్రము ఉన్న ఇంట దానినుండి ఒక గ్లాసు పట్టుకొని కాచి, బ్రష్షును అందులో తడిపిన చాలును, మూలబడిన సబ్బుబిళ్ళ మరల పలుకును. యంత్రము లేనివారు నీటిని మరగించి తేర్చుకొనవచ్చును. అట్లు చేసిన కాఠిన్యములో కొంతభాగమే అడుగునకు దిగును. వానకాలమున డాబా నీటిధార క్రింద ఒక చెంబు ఉంచువానికి ఏ యంత్రమును అక్కఱలేదు.

ఉత్తరాది చలి మఱియొక పరీక్ష. కోస్తానుండి వచ్చినవానికి కుళాయినీరు వేడిచేసికొను అలవాటుండదు. అచట అది వేసవిలో కాగియే వచ్చును. జనవరిలో ఢిల్లీ కుళాయినీటితో బిళ్ళమీద బ్రష్షు తిప్పుట రాతిమీద తిప్పినట్లుండును. ఆ రెండు నెలలు క్రీము వాడుకొన్నను తప్పులేదు, క్యాంపులకు పోవునపుడును అంతే. రైలుపెట్టెలో తడి సబ్బుగిన్నె మోసికొనిపోవుట సుఖము కాదు. స్థిరముగా ఇంటనున్న దినములలో, గ్లాసెడు మంచినీరు, పది నిమిషముల తీరిక గలవానికి సబ్బే తగినది. దాని నురుగు దట్టము, ముఖముమీద నిలుకడ ఎక్కువ. అన్నిటికంటె, ఆ నురుగు తీయుటకు పట్టు రెండు నిమిషములలో వెంట్రుక తనంతట నానును. సబ్బు గొప్పతనములో సగము అది పుట్టించు ఆలస్యమే. క్రీము వాడువాడు ఆ రెండు నిమిషములను మిగుల్చుకొంటినని సంతోషించి, నానని వెంట్రుకను కోయుచుండును.

బ్రష్షును గూర్చి ఒక మాట. మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులోను అమెరికాలోను, సరిగా శుద్ధిచేయని గుఱ్ఱపువెంట్రుకల చౌక బ్రష్షులవలన కొందఱికి ఆంత్రాక్స్ వ్యాధి సోకినది. నేడు కృత్రిమపు పోగుల బ్రష్షులు చౌకగను శుభ్రముగను దొరకుచున్నవి. ఏ బ్రష్షునైనను కడిగి, విదిలించి, గాలి తగులు చోట ఉంచవలెను. సెలూనులో బ్రష్షు సంగతి ఎట్లున్నను, బ్లేడు మాత్రము కన్నులయెదుట క్రొత్తది విప్పించుకొనవలెను. హెపటైటిస్ బి వంటి వ్యాధులు ఒకరి నెత్తురు అంటిన బ్లేడువలన మఱియొకరికి సోకగలవు.

చివరకు, సబ్బా క్రీమా అను ప్రశ్న నిజముగా బరువైనదగు సందర్భము ఒకటి మిగిలియున్నది. అది ఇతరుల ముఖము గీయవలసి వచ్చునపుడు. పక్షవాతముచేత చేయి పడిపోయిన తండ్రికి, కంటిచూపు తగ్గిన మామగారికి, ఆఫీసుకు పోవుటకు ముందు కొడుకో కోడలో ఈ పని చేయుచుందురు. వృద్ధుల చర్మము పలుచనైనది, వదులైనది. మధుమేహము గలవారికి చిన్న గాటును మానుటకు ఆలస్యమగును. రక్తమును పలుచబఱచు మందులు వాడువారికి నెత్తురు త్వరగా ఆగదు గనుక విద్యుత్ రేజరే క్షేమము. తక్కినవారికి ఇచట క్రీమునే ఎన్నుకొనవలెను. సబ్బు నురుగుకై బ్రష్షుతో అంతసేపు రుద్దుటను పలుచని చర్మము ఓర్చుకొనదు. నానబెట్టు పనిని వేడినీట ముంచి పిండిన తువ్వాలుకు అప్పగించి, దానిని రెండు మూడు నిమిషములు చెంపలకు చుట్టి యుంచవలెను. వేడి ఎంతయున్నదో ముందు తన మణికట్టుమీద చూచుకొనవలెను. కట్టుడుపళ్ళు ఉన్నచో తీయరాదు. అవి ఉన్నపుడే బుగ్గలు నిండుగ నిలుచును. తరువాత క్రీమును వ్రేళ్ళతోగాని మెత్తని బ్రష్షుతోగాని పూసి, ఎడమచేతితో చర్మమును బిగించి పట్టి, వెంట్రుక మొలచిన వాలుననే చిన్నచిన్న గీతలుగా గీయవలెను. నున్నదనమునకై ఎదురుగీత గీయుట ఇచట పనికిరాదు. గాటు పడినచోట తడిపిన పటికను అద్దవలెను.

మొదట పెద్దాయన ఒప్పుకొనడు. ఈ దినము మంగళవారమనును, శుక్రవారమనును. దశాబ్దములపాటు తన ముఖమును తానే గీసికొన్నవానికి ఇంకొకరి చేతికి మెడ అప్పగించుట ఎంత కష్టమో గ్రహించి, తొందరపెట్టక, వారము కుదిరిన దినముననే కూర్చుండబెట్టవలెను. పని ముగిసిన తరువాత అద్దమును చేతికిచ్చిన, ఆయన కుడిచెంప, ఎడమచెంప త్రిప్పి చూచుకొని, అఱచేతితో నిమిరి, దవడక్రింద విడిచిపెట్టిన నాలుగు వెంట్రుకలను వ్రేలితో చూపును. అచట మఱికొంచెము క్రీము పూయవలసియుండును.