ఐదు పైసల బిళ్ళ, తొమ్మిది నెలల వాదం



మా మేనత్త పోయాక ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే ఉత్తరాల కట్ట ఒకటి దొరికింది. అందులో 1971 నవంబరు చివర్లో వచ్చిన కవరు ఉంది. మామూలు తపాలా బిళ్ళ పక్కనే ఇంకో చిన్న బిళ్ళ అతికించి ఉంది, ఐదు పైసలది. కుటుంబ నియంత్రణ ప్రచారానికి వేసిన బిళ్ళే అది. దాని మీద మళ్ళీ ముద్ర కొట్టారు, హిందీలోనూ ఇంగ్లీషులోనూ, ‘శరణార్థి సహాయం’ అని. ఉత్తరంలో యుద్ధం మాటే లేదు. పిల్లాడికి జ్వరం తగ్గిందనీ, సంక్రాంతికి రమ్మనీ రాశారు. అయినా ఆ కవరు ఎక్కడో తూర్పు బెంగాల్ సరిహద్దులో చాపల కింద, గోనెపట్టాల కింద తలదాచుకున్న మనిషికి ఐదు పైసలు ఇచ్చి మరీ మా మేనత్త ఇంటికి చేరింది.

ఆ ఏడాది నవంబరు 15 నుంచి దేశమంతటా ఉత్తరాల మీద ఆ ఐదు పైసలు వేశారు. అప్పటికి మన దేశంలోకి వచ్చిన కాందిశీకులు కోటికి దగ్గర పడుతున్నారు. ఆ కోటి మంది చుట్టూ తొమ్మిది నెలల పాటు రెండు వాదాలు నడిచాయి. ఒకటి మన ఇంట్లోది: ప్రధానమంత్రి ఎందుకు ఆగుతున్నారు? రెండోది పడమటి దేశాలది: ఎక్కడో జరిగేదానికి మనమెందుకు నోరు విప్పాలి? ఈ రెండింటినీ కలిపి చూస్తే తప్ప 1971 మనకు పూర్తిగా అర్థం కాదని నా నమ్మకం. ఈ రోజు వాటి గురించే చెబుతాను.

1970 డిసెంబరులో పాకిస్తాన్‌లో జరిగిన ఎన్నికల్లో తూర్పు భాగంలోని 162 స్థానాల్లో 160 షేక్ ముజిబుర్ రహ్మాన్ గారి అవామీ లీగ్ గెలిచింది. మొత్తం దేశంలోనే మెజారిటీ వాళ్ళదైంది. అధికారం మాత్రం చేతికి రాలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం వీధుల్లోకి దిగింది. విశ్వవిద్యాలయం హాస్టళ్ళ మీద కాల్పులు జరిగాయి. ముజిబ్‌ను పట్టుకుపోయారు. తెల్లారేసరికి జనం కాలినడకన సరిహద్దు వైపు కదిలారు.

మన దగ్గర ఇందిరా గాంధీ అదే నెలలో 352 స్థానాలతో గెలిచి కూర్చున్నారు. మార్చి 31న పార్లమెంటులో తీర్మానం పెట్టారు. తూర్పు బెంగాల్ ప్రజల పోరాటానికి మన సానుభూతి, మద్దతు ఉంటాయన్నది దాని సారం. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. వాదం మొదలైంది ఆ మర్నాటి నుంచే. సానుభూతి సరే, గుర్తింపు ఏదీ? ఏప్రిల్ 17న మెహెర్‌పూర్ దగ్గర మామిడితోపులో తాజుద్దీన్ అహ్మద్ ప్రధానిగా బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రమాణం చేసింది. దాన్ని గుర్తించడానికి ఢిల్లీకి అడ్డమేమిటి? జయప్రకాశ్ నారాయణ్ గారు ఇదే అడిగారు. అడిగి ఊరుకోలేదు, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా దేశదేశాలు తిరిగి అక్కడి నాయకులకు సంగతి చెప్పివచ్చారు. ఆగస్టులో జనసంఘ్ ఢిల్లీలో సత్యాగ్రహం చేసింది. రక్షణ వ్యవహారాల నిపుణులు కె. సుబ్రహ్మణ్యం అయితే ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని మొదట్లోనే వాదించారు. కలకత్తాలో ఆ మాట ఇంకా గట్టిగా వినిపించింది. కళ్ళెదుట శిబిరాలు పెరుగుతుంటే వినిపించక ఏమవుతుంది?

ఆగడానికి కారణాలు లేకపోలేదు. అప్పటి సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా తర్వాతి రోజుల్లో ఆ కథ చాలాసార్లు చెప్పారు. ఏప్రిల్‌లో మంత్రివర్గం ముందు తాను సిద్ధంగా లేమని చెప్పాననీ, వానలొస్తే తూర్పు బెంగాల్లో నదులు సముద్రాలైపోతాయనీ, మంచు పడి హిమాలయాల కనుమలు మూసుకుంటే గానీ చైనా సరిహద్దు నుంచి బలగాలను కదపలేమనీ. వినడానికి బాగుండే కథ. అయితే తర్వాత పత్రాలు తిరగేసిన చరిత్రకారులు ఇంకో సంగతి చెబుతున్నారు. ఇందిరా గాంధీకి, ఆమె కుడిభుజంగా ఉన్న పి.ఎన్. హక్సర్‌కు కూడా ఏప్రిల్‌లో యుద్ధానికి దిగాలన్న ఉద్దేశం లేదు. వెంటనే దిగితే అది పాకిస్తాన్ ఇంటి గొడవలో ఇండియా వేలుపెట్టినట్టు లోకం అనుకుంటుంది, నిజమైన బాధితుల మాట మరుగున పడుతుంది అన్నది వాళ్ళ లెక్క.

ఆ లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్కకు వెల చెల్లించింది ఎవరు? జూన్‌లో శిబిరాల్లో కలరా వచ్చింది. కలకత్తా పక్కన సాల్ట్ లేక్‌లో కాలువలకు వేసే సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టారు జనం. వానకు ఆ గొట్టాల్లోకి నీళ్ళొచ్చేవి. ఎక్కువగా పోయింది పసిపిల్లలు. నాయకత్వం ఓపిక పట్టింది అని మనం మెచ్చుకుంటున్నప్పుడల్లా ఆ గొట్టాలు కూడా గుర్తుకు రావాలి. అప్పట్లో తొందరపెట్టినవాళ్ళను ఆవేశపరులు అని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ళు చూసింది చూసి మాట్లాడారు.

ఇక పడమటి దేశాల సంగతి.

ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్‌గా ఆర్చర్ బ్లడ్ అనే అధికారి ఉండేవారు. మార్చి 25 తర్వాత కళ్ళతో చూసినదంతా వాషింగ్టన్‌కు రాశారు. జవాబు లేదు. ఏప్రిల్ 6న ఇరవై మంది అమెరికన్ ఉద్యోగులు సంతకాలు పెట్టి ఒక అసమ్మతి తంతి పంపారు. మన ప్రభుత్వం నైతికంగా దివాళా తీసింది అని సొంత ప్రభుత్వానికే చెప్పారు. బ్లడ్ దానికి తన సమర్థన జోడించారు. కొద్దికాలానికే ఆయన్ను ఢాకా నుంచి తప్పించారు. ఆ తర్వాత ఆయన ఉద్యోగ జీవితం మళ్ళీ కోలుకోలేదనే చెప్పాలి.

వాషింగ్టన్‌లో ఏం జరుగుతోందంటే, ఏప్రిల్ చివర్లో ప్రెసిడెంట్ నిక్సన్ ముందుకు పాకిస్తాన్ విధానం మీద ఒక కాగితం వచ్చింది. ఆయన దాని కింద చేత్తో రాశారు: ఇప్పుడు యాహ్యా ఖాన్‌ను ఇబ్బంది పెట్టవద్దు. ‘వద్దు’ అనే మాట కింద మూడు గీతలు గీశారు. ఎందుకంత పట్టింపు? పాకిస్తాన్ అధ్యక్షుడైన యాహ్యా ఖాన్ అప్పుడు అమెరికాకూ చైనాకూ మధ్య కబుర్లు మోస్తున్నారు. జులైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ ఇస్లామాబాదు వెళ్ళి కడుపునొప్పి అని అందరికీ చెప్పించి, రహస్యంగా విమానమెక్కి పెకింగ్ చేరారు. ఆ ద్వారం తెరుచుకోవడం కోసం ఢాకాలో ఏం జరిగినా చూడనట్టు ఉండిపోయారు. ఇది ఊహ కాదు, వాళ్ళ కాగితాల్లో, టేపుల్లో ఉన్నదే. ఆ టేపుల్లో ఇందిరా గాంధీ గురించీ మన దేశం గురించీ వాళ్ళిద్దరూ వాడిన భాషను రేడియోలో చెప్పను. అవి బయటపడ్డాక కిసింజర్ విచారం ప్రకటించారు.

అయితే ‘పడమటి దేశాలు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే అన్యాయం చేసినవాళ్ళమవుతాం. ఆంథొనీ మస్కరేన్హాస్ అనే విలేకరి కరాచీలో పనిచేసేవారు. గోవా మూలాలున్న కుటుంబం, మన బెళగాంలో పుట్టారు. సైన్యం కొందరు విలేకరులను తూర్పు బెంగాల్ తిప్పి చూపించింది, అంతా సవ్యంగా ఉందని రాస్తారని. మిగతావాళ్ళు అలాగే రాశారు. ఈయన రాయలేకపోయారు. చూసింది రాయకపోతే ఇంకెప్పుడూ ఒక్క ముక్క రాయలేనని భార్యతో అన్నారట. లండన్ వెళ్ళి సండే టైమ్స్ సంపాదకుడికి సంగతంతా చెప్పారు. భార్యాపిల్లలు ఇంకా కరాచీలోనే. అచ్చయితే వాళ్ళ గతి? ముందే ఒక సంకేతం అనుకున్నారు. కరాచీ ఇంటికి ఒక రాత్రి తంతి వచ్చింది, ‘ఆన్ ఆపరేషన్ బాగా జరిగింది’ అని. ఆమె పిల్లల్ని తీసుకుని లండన్ బయలుదేరింది. ఆయన తిరిగి పాకిస్తాన్ వచ్చి, వాళ్ళు గట్టెక్కాక నేల దారిన అఫ్ఘానిస్తాన్‌లోకి దాటారు. జూన్ 13న ఆ వ్యాసం ఒకే ఒక్క పదం శీర్షికతో వచ్చింది: జాతిసంహారం. దాన్ని చదివి తాను ఎంతగానో కదిలిపోయానని ఇందిరా గాంధీ ఆ సంపాదకుడితో చెప్పారు.

అక్కడి నుంచి అమెరికా, యూరప్ ప్రభుత్వాలు ఒక దారి, జనం ఒక దారి అయ్యారు. జులైలో బాల్టిమోర్ రేవుకు సైనిక సరుకు ఎక్కించుకోవడానికి ‘పద్మ’ అనే పాకిస్తానీ ఓడ వస్తుంటే క్వేకర్లనే శాంతివాద క్రైస్తవులు, వాళ్ళ స్నేహితులు తెడ్లు వేసే చిన్న చిన్న పడవలెక్కి దానికి అడ్డం వెళ్ళారు. అంత పెద్ద ఓడ ముందు దోనెలు. పోలీసులు లాక్కెళ్ళారు. రేవు కూలీల దగ్గరికి కూడా ఆ కబురు వెళ్ళింది. ఫిలడెల్ఫియాలో రేవు కార్మికులు పాకిస్తాన్ ఓడలోకి సరుకెక్కించం అన్నారు. వాళ్ళకు బెంగాల్ ఎక్కడుందో ఆ ముందు రోజు దాకా తెలిసి ఉండకపోవచ్చు. కూలి పోగొట్టుకోవడమంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు. ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ కచేరీ చేశారు. రెండు ఆటలకు కలిపి నలభై వేల మంది వచ్చారు. అదే నెలలో సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ మన శిబిరాల్లో బురదలో తిరిగి వెళ్ళి సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. ఫ్రాన్స్‌లో ఆంద్రే మాల్రో, డెబ్భై ఏళ్ళ వయసుకు చేరువైన రచయిత, బంగ్లాదేశ్ తరఫున పోరాడతానన్నారు.

ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం. వెన్నుదన్ను దొరికాక అక్టోబరు 24న ఇందిరా గాంధీ పడమటి రాజధానులకు బయలుదేరారు: బెల్జియం, ఆస్ట్రియా, బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ. లండన్‌లో బీబీసీ విలేకరి ఆమెను సంయమనం గురించి అడిగారు. హిట్లర్ విరుచుకుపడ్డప్పుడు మీరు ఊరుకుందాం, యూదులు చస్తే చావనీ అన్నారా అని ఆమె ఎదురడిగారు. గొంతు పెంచలేదు. ఆ రికార్డు ఇప్పటికీ వినవచ్చు, వినండి. వాషింగ్టన్‌లో నిక్సన్‌తో రెండు రోజులు మాట్లాడారు. ఒకరి మాట ఒకరి చెవికెక్కలేదు. ఆమె తిరిగొచ్చిన రోజుల్లోనే ఐదు పైసల బిళ్ళ వచ్చింది.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. ఆ అర్ధరాత్రి దాటాక ప్రధాని గొంతు ఇదే ఆకాశవాణిలో దేశమంతా వింది. ఆ తర్వాతి రెండు వారాలు మన ఇళ్ళలో రేడియో కట్టేయలేదు. కలకత్తా కేంద్రం నుంచి దేవదులాల్ బందోపాధ్యాయ్ వార్తలు చదువుతుంటే సరిహద్దుకు అవతల దొంగచాటుగా వినేవారు.

అదే రాత్రి విశాఖపట్నంలో కిటికీల తలుపులు అదిరిపోయాయని పాతవాళ్ళు చెబుతారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముఖద్వారం దగ్గర మునిగింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ కరాచీ నుంచి సింహళం చుట్టి వచ్చింది. విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించేలా మన నౌకాదళం వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఓడ మాత్రం అండమాన్ల దగ్గర ఉంది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలు తగిలి మునిగిందని మనవాళ్ళు, తన మైన్లే పేలాయని పాకిస్తాన్ వాళ్ళు అంటారు. నేను చెప్పదలచింది వేరు. ఆ ఘాజీ పుట్టింది అమెరికాలో. అమెరికా నౌకాదళంలో దాని పేరు డయాబ్లో. ఢాకాలో అమెరికా ఉద్యోగులు పంపిన తంతిని పక్కన పడేసిన చేతుల గురించి, ఫిలడెల్ఫియా రేవులో సరుకెత్తని చేతుల గురించి ఇందాక చెప్పుకున్నాం. ఆ దేశం ఇచ్చిన ఇనుము మన బీచ్ రోడ్డుకు కొద్ది మైళ్ళ దూరంలో ఇంకా సముద్రం అడుగున ఉంది.

డిసెంబరు 6న మనం బంగ్లాదేశ్‌ను గుర్తించాం. ఏప్రిల్ నుంచి అడుగుతున్న మాట అది. మర్నాడు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కాల్పులు ఆపమనే తీర్మానానికి 104 దేశాలు అవునన్నాయి, కాదన్నవి మనతో కలిపి పదకొండు. ఆ 104లో పడమటి దేశాలే కాదు, మనం మిత్రులనుకున్న ఆసియా, ఆఫ్రికా అలీన దేశాలు కూడా చాలా ఉన్నాయి. ఇది మనం తరచూ మరిచిపోతాం. భద్రతా మండలిలో సోవియట్ వీటో కాపాడింది. బ్రిటన్, ఫ్రాన్స్ ఎటూ ఓటు వేయలేదు. 10వ తేదీన నిక్సన్ ఆదేశంతో ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌక బంగాళాఖాతం వైపు బయలుదేరింది. 15న ఆ నీళ్ళలోకి వచ్చింది. 16 సాయంత్రం ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ సేనాని జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టారు.

బ్రిటన్ 1972 ఫిబ్రవరిలో, అమెరికా ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌ను గుర్తించాయి. ఆర్చర్ బ్లడ్ 2004లో పోయారు. ఆ తర్వాత ఢాకాలోని అమెరికన్ సెంటర్ గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. కాందిశీకుల్లో అత్యధికులు కొద్ది నెలల్లోనే మూటాముల్లె కట్టుకుని వెనక్కి నడిచారు. మా మేనత్త కట్టలో మాత్రం ఐదు పైసల బిళ్ళ 1973 మార్చి దాకా వచ్చిన ప్రతి కవరు మీదా ఉంది.