మంట నిలువని హీటరు ఏమి చెబుతున్నది?

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి కార్యక్రమ పత్రంలో వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ అనే అంశాల నడుమ ‘గ్యాస్ హీటర్లు – మంట అంటుకొనకపోవుటకు కారణాలు’ అనే శీర్షికను చూచి కొందరు మిత్రులు నవ్వుకున్నారు. సంఘ కార్యాలయం మరమ్మతు దుకాణంగా మారిందా అని ఒక కామ్రేడ్ అడిగారు కూడా. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి విషయంలోకి వెళతాను.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ఊరికి విహారయాత్రకు వెళ్ళిన కేరళీయులు ఎనిమిదిమంది ఒకే గదిలో నిద్రించారు. వారిలో నలుగురు పసిపిల్లలు. చలికి గదిలో గ్యాస్ హీటరు పెట్టుకున్నారు. తలుపులు, కిటికీలు బిగించుకున్నారు. తెల్లవారిన తరువాత తలుపు తెరచి చూస్తే ఎవరికీ స్పృహ లేదు. ఎనిమిదిమందీ మరణించారు. వారు చేసిన నేరమేమీ లేదు. చలి ఎరుగని సీమనుండి చలిసీమకు వెళ్ళినవారు ఏమి చేస్తారో అదే చేశారు.

మన సభ్యులలో అట్టివారు ఎందరు? ఉద్యోగరీత్యా బనిహాల్ దరిదాపులకో, సిమ్లా కొండలకో, లేహ్‌కో బదిలీ అయిన తెలుగువాడు ఆ హీటరును అంతకుముందు ఎన్నడూ ముట్టుకొని ఉండడు. రాత్రి డ్యూటీ గేట్‌మన్, రన్నింగ్ రూములో విశ్రమించే లోకో పైలట్, ఆర్.ఎం.ఎస్. రెస్ట్ హౌస్‌లో మూడు గంటల నిద్రకు ఒరిగే సార్టరు – వీరి ప్రాణానికి సంబంధించిన విషయం సంఘానికి సంబంధించినదే. అందుచేత ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుందో, ఎందుకు పనిచేయదో తెలుసుకొనడం మన బాధ్యత.

ముందుగా దాని నిర్మాణం. సిలిండరునుండి రెగ్యులేటరు ద్వారా, గొట్టం ద్వారా గ్యాసు హీటరు మీటకు చేరుతుంది. మీటను లోపలికి నొక్కినప్పుడు గ్యాసు మొదట ఒక చిన్న మంటకు వెళుతుంది. దీనిని పైలట్ అంటారు. దాని ప్రక్కన నిప్పురవ్వ పుట్టించే కడ్డీ ఉంటుంది. ‘టక్’ మని చప్పుడు చేసే మీటలో ఒక స్ఫటికం ఉన్నది. దానిపై సుత్తి దెబ్బ పడగానే వేల వోల్టుల విద్యుత్తు క్షణకాలం పుడుతుంది. ఒత్తిడివల్ల స్ఫటికంలో విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనికి బ్యాటరీ అక్కరలేదు.

పైలట్ మంటలో ఒక లోహపు ములుకు నిలబడి ఉంటుంది. అది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాలను కలిపి అతుకును వేడిచేస్తే విద్యుత్తు పారుతుందనే సూత్రానికి మూలం 1821లో సీబెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించిన విశేషం. ఈ ములుకు పుట్టించేది సుమారు 25, 30 మిల్లీవోల్టులే. అంటే టార్చి సెల్లు ఇచ్చే దానిలో యాభయ్యవ వంతు. ఆ కొద్దిపాటి విద్యుత్తే మీట లోపలి అయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాసు ద్వారాన్ని తెరచి ఉంచుతుంది. మంట ఆరితే ములుకు చల్లబడుతుంది, అయస్కాంతం వదలివేస్తుంది, స్ప్రింగు ద్వారాన్ని మూసివేస్తుంది.

రైల్వే కామ్రేడ్స్‌కు ఇది కొత్త సంగతి కాదు. సిగ్నల్ తీగ తెగితే రెక్క దానంతటదే ‘ఆన్’ స్థితికి, అంటే ప్రమాద సూచనకు వెళుతుంది. లోపం ఏర్పడినప్పుడు యంత్రం భద్రతవైపే ఒరగాలన్నది మన వృత్తి నేర్పిన మొదటి పాఠం. హీటరులోని ములుకు అదే పాఠానికి మరొక రూపం.

చలిదేశాలలో తోటమాలులు గాజు ఇళ్ళలో మొక్కలను కాపాడుకొనడానికి వాడే గ్యాస్ హీటర్లలో కూడా చాలావాటికి ఈ అమరికే ఉన్నది. అక్కడ ఒక విశేషమున్నది. గ్యాసు సరిగా మండకపోతే వెలువడే ఎథిలీన్‌కు టొమాటో ఆకులు మెలివడతాయి, పువ్వులు రాలిపోతాయి. తోటమాలికి మొక్క ముందుగా చెబుతుంది. క్వార్టర్సులో నిద్రించే మనిషికి అట్లా చెప్పేవారు లేరు.

ఇక లోపాలు. వీటిని వరుసక్రమంలో పరిశీలించవలెను. వరుస తప్పితే బాగున్న భాగాన్ని విప్పి పాడుచేస్తాము.

మొదటిది, నిప్పురవ్వ రాకపోవడం. సిలిండరు కట్టివేసి, గదిలో గ్యాసు వాసన లేదని నిర్ధారించుకొని, వెలుతురు తగ్గించి మీట నొక్కి చూడండి. రవ్వ కనిపించకపోతే కడ్డీ మసిబారి ఉండవచ్చు, తీగ ఊడి ఉండవచ్చు, లేదా కడ్డీ చుట్టూ ఉన్న పింగాణీ పగిలి రవ్వ దారి తప్పి ప్రక్క రేకులోకి దూకుతూ ఉండవచ్చు. మసి అయితే పొడిగుడ్డతో తుడవవచ్చు. పింగాణీ పగిలితే కడ్డీనే మార్చవలెను; టేపు చుట్టి ప్రయోజనం లేదు.

రెండవది, రవ్వ వస్తున్నది కాని పైలట్ అంటుకొనడం లేదు. అంటే గ్యాసు చేరడం లేదు. సిలిండరు ఖాళీ అయిందా, రెగ్యులేటరు తెరచి ఉన్నదా, గొట్టం మడతపడిందా – ఈ మూడూ చూడండి. సిలిండరు కొత్తగా మార్చినప్పుడు గొట్టంలో గాలి నిలిచి ఉంటుంది. మీటను కొంతసేపు నొక్కి ఉంచితేగాని గ్యాసు పైలట్‌ను చేరదు. ఇవన్నీ సరిగా ఉంటే పైలట్ రంధ్రం మూసుకుపోయిందన్నమాట. వేసవి అంతా మూలన పడి ఉన్న హీటరులో దుమ్ము చేరుతుంది, సాలెపురుగు గూడు కడుతుంది. ఆ రంధ్రంలో సూది పెట్టి పొడవరాదు. సూదితో రంధ్రం వెడల్పయితే మంట పెరిగి మసి కక్కుతుంది. గాలి ఊది శుభ్రం చేయించడం మెకానిక్కు పని.

చలిసీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. మన సిలిండరులోని గ్యాసు ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ సున్నకు 42 డిగ్రీల దిగువన కూడా ఆవిరి అవుతుంది. బ్యూటేన్ సున్న డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ద్రవంగానే ఉండిపోతుంది. కనుక బరువు ఉన్న సిలిండరు కూడా గడ్డకట్టే చలిలో ఖాళీదానివలె ప్రవర్తిస్తుంది. అప్పుడు కొందరు సిలిండరుపై మరిగే నీళ్ళు పోస్తారు, కుంపటి ప్రక్కన పెడతారు. ఈ రెండూ ప్రాణాపాయమైన పనులు.

మూడవది ముఖ్యమైనది. పైలట్ వెలుగుతుంది, మీట వదలగానే ఆరిపోతుంది. తొందర దీనికి సామాన్యమైన కారణం. ములుకు కాగడానికి ఇరవై, ముప్పై సెకన్లు పడుతుంది; అంతవరకు మీటను నొక్కి ఉంచవలెను. అట్లా చేసినా ఆరితే ములుకు కొన మంటలో ఉన్నదా, ప్రక్కకు వంగిందా, మసి పట్టిందా, దాని రెండవ కొన మీట దగ్గర మరలో బిగువుగా ఉన్నదా అని చూడవలెను. నీలంగా నిటారుగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా తూలుతుంటే ములుకు కాగదు. అన్నీ సరిగా ఉండి కూడా మంట నిలువకపోతే ములుకు అరిగిపోయింది, మార్పించవలెను.

నాలుగవది, పైలట్ వెలిగినా పెద్ద మంట ఆలస్యంగా, ‘ధబ్’ మని అంటుకొనడం. మంట రంధ్రాలు కొన్ని పూడిపోయాయి. అంటుకొనేలోపల గ్యాసు పోగుపడుతున్నది. ఇట్టి హీటరును ఆ పూటనుండి వాడరాదు. వెలగని హీటరును ఎడతెగకుండా మీట నొక్కుతూ ప్రయత్నించడం కూడా ఇంతటి ప్రమాదమే. వంటగ్యాసు గాలికన్న బరువైనది, నేలబారుగా పరచుకుంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళకు చేరితే చాలు, నిప్పు అందుకుంటుంది. రెండుసార్లు ప్రయత్నించి అంటుకొనకపోతే కట్టివేసి, తలుపులు తెరచి, కనీసం అయిదు నిమిషాలు ఆగండి. వాసన వస్తే విద్యుత్ స్విచ్చి వేయవద్దు, ఉన్నది ఆర్పవద్దు. బయటకు వచ్చి 1906కు ఫోను చేయండి. గొట్టం కారుతున్నదేమోనన్న అనుమానాన్ని సబ్బునురుగుతో తీర్చుకొనండి, అగ్గిపుల్లతో కాదు.

అయిదవది, నేటి ప్రసంగానికి ఆయువుపట్టు. హీటరు చక్కగా వెలుగుతుంది, గంటో రెండు గంటలో వెచ్చగా ఉంటుంది, తరువాత దానంతటదే ఆరిపోతుంది. మళ్ళీ వెలిగిస్తే కాసేపటికి మళ్ళీ ఆరుతుంది. ఇది హీటరు చెడిపోవడం కాకపోవచ్చు. మేలైన హీటర్లలో పైలట్‌ను ఒక లెక్క ప్రకారం నిర్మిస్తారు. మామూలు గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్ళు. మూసిన గదిలో మంట, మనుషులు దానిని వాడుకుంటూ పోగా అది 18 పాళ్ళ దగ్గరకు దిగితే పైలట్ మంట ములుకును వదలి పైకి లేస్తుంది, ములుకు చల్లబడుతుంది, గ్యాసు ఆగిపోతుంది. అంటే ఆ హీటరు ‘ఈ గదిలో గాలి లేదు, లేచి కిటికీ తెరవండి’ అని చెబుతున్నది.

అట్టి వేళ మనవారు చేసే పని ఏమిటి? మీట ఆరకుండా అగ్గిపుల్ల దోపుతారు. రబ్బరుతో కట్టివేస్తారు. ములుకును తప్పించే చిట్కా తెలిసిన మెకానిక్కును పిలిచి నాలుగు డబ్బులిచ్చి చేయించుకుంటారు. క్వార్టర్సులు తిరిగినప్పుడు ఇట్టివి నేను చూచాను. ప్రమాద సూచన చూపుతున్న సిగ్నల్ రెక్కను తీగతో పైకి కట్టి బండిని పంపే స్టేషన్ మాస్టరు ఉంటాడా? సీలు చెదిరిన సంచికి గప్‌చిప్‌గా మళ్ళీ లక్క వేసి మెయిల్ వ్యానులోకి ఎక్కించే సార్టరు ఉంటాడా? ఉండడు; రిపోర్టు వ్రాస్తాడు. డ్యూటీలో పాటించే నియమాన్ని పడకగదిలో వదలివేయరాదు. లేహ్ వంటి ఎత్తైన చోట్ల గాలే పలుచన గనుక ఇట్టి హీటరు మాటిమాటికీ ఆరవచ్చు. అప్పుడు కూడా చేయవలసింది దాని నోరు నొక్కడం కాదు, వేరే సాధనం అడగడం.

గాలి చాలని మంటనుండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, పిమ్మట మత్తు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే, బయటకు వెళ్ళగానే తగ్గితే, జలుబని భ్రమపడవద్దు. వెంటనే అందరినీ ఆరుబయటకు చేర్చి, 112కు గాని, ఉన్నచోట 108కి గాని ఫోను చేయవలెను. పడిపోయినవారిని చూచి ఆసుపత్రిలో ‘గ్యాస్ హీటరు గదిలో ఉన్నది’ అని చెప్పడం మరువరాదు.

మైదానంలోని కామ్రేడ్స్ ఇది కొండలవారి గొడవ అనుకొనరాదు. విజయవాడలోనూ సికింద్రాబాదులోనూ స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఉన్నది. దానిలో నీటి ఒత్తిడివల్ల గ్యాసు ద్వారం తెరచుకుంటుంది, చాలావాటిలో రవ్వకు బ్యాటరీ సెల్లులుంటాయి. అంటుకొనకపోతే ముందు సెల్లులు, తరువాత నీటి ధార చూడండి. గీజరు మాత్రం తలుపు మూసుకొని స్నానం చేసే గదిలో ఉండరాదు; గాలి ఆడే వెలుపలి చోట ఉండవలెను.

చివరగా సంఘం చేయవలసిన పని. వెంటిలేటరులో గుడ్డలు కుక్కిన గేట్‌మన్‌ను తప్పు పట్టడం సులభం. కాని విరిగిన కిటికీనుండి రాత్రంతా మంచుగాలి కొడుతుంటే అతడు మరేమి చేస్తాడు? అద్దం వేయించనివారిని, విద్యుత్ హీటరు మంజూరు చేయనివారిని అడగకుండా సభ్యునికి జాగ్రత్తలు చెప్పడం సగం పని మాత్రమే. కనుక శాఖలకు నా సూచనలు ఇవి.

ఏటా చలి మొదలు కాకముందే గేట్ లాడ్జీలు, రన్నింగ్ రూములు, రెస్ట్ హౌసులు, క్వార్టర్సులు తిరిగి ఎక్కడ ఏ హీటరు వాడుతున్నారో, గాలి రాకపోకలు ఎట్లా ఉన్నవో పట్టిక వ్రాయండి. గొట్టంమీది తేదీ చూడండి. సురక్ష గొట్టాన్ని అయిదేండ్లకు మించి వాడరాదు. లోపాలను నోటిమాటగా కాక, వ్రాతపూర్వకంగా, తేదీ వేసి అధికారులకు ఇచ్చి నకలు దాచండి. విశ్రాంతి గదులలో గ్యాసుకు బదులు విద్యుత్ హీటర్లు కావాలన్న డిమాండును చర్చల ఎజెండాలో చేర్చండి. చలి వచ్చిన తరువాత చేర్చిన అంశం ఎండలు వచ్చాక చర్చకు వస్తుందని మీకు తెలియనిది కాదు. కొత్తగా బదిలీపై వచ్చిన ప్రతి సభ్యుని ఇంటికి ఒక కార్యకర్త వెళ్ళి, హీటరు వెలిగించే విధం, ఆర్పే విధం ఇంటిల్లిపాదికీ చూపవలెను. నిద్రకు ముందు హీటరు ఆర్పి, సిలిండరు కట్టివేయవలెనన్న మాట ఆ ఇంటి పిల్లలకు కూడా కంఠస్థం కావలెను.

వేతనాలకు, పింఛనుకు జరిగే పోరాటం అనుభవించడానికి మనిషి బ్రతికి ఉండవలెను కదా. ఈ శీతకాలంలో మన శాఖల పరిధిలో ఏ తలుపూ బద్దలుకొట్టి తెరవవలసిన అవసరం రాకుండా చూచుకొనడం మన కర్తవ్యం. ఆ పట్టికలతో వచ్చే సమావేశానికి రావలసిందిగా కార్యదర్శులందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.