బాల్కనీ వైరు
కోల్‌కతాలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఇచ్చిన ప్రసంగపాఠం



కిందటేడు మేము ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాం. రంగు గురించి వారం రోజులు చర్చించాం గానీ, ఎక్కడ ఛార్జ్ చేయాలో ఎవరమూ ఆలోచించలేదు. మాది మొదటి అంతస్తు. బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడదీసి రెండు నెలలు నెట్టుకొచ్చాను. బ్యాంకులో రిస్క్ గురించి పాఠాలు చెప్పే మనిషిని మరి!

2025 సెప్టెంబరు 23 మీకు గుర్తుండే ఉంటుంది. పూజ ముందు ఒక్క రాత్రి వానకు ఊరు మునిగింది. నిలిచిన నీళ్లలో కరెంటు షాక్ తగిలి పలువురు చనిపోయారు. తెల్లారి చూస్తే మా పార్కింగులో మోకాలి లోతు నీళ్లు, వైరు చివర బోర్డు అందులో మునిగి ఉంది. ఉరుములకు భయపడి మా ఆవిడ రాత్రే పైన స్విచ్ తీసేసింది కాబట్టి సరిపోయింది. కింద వాచ్‌మన్ పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

ఆ తర్వాతే నిబంధనలు చదివాను. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమాలు సవరించాక, కావాలంటే బండికి వేరే కనెక్షన్ కూడా అడగవచ్చు. నగరంలో మనలో చాలామందికి కరెంటు ఇచ్చేది సీఈఎస్‌సీ కాబట్టి దరఖాస్తు కూడా అక్కడే.

ఛార్జింగ్ పాయింట్ల భద్రతకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలున్నాయి. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదు. కరెంటు 30 మిల్లీఆంపియర్లు లీకయ్యేలోపే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి. ఆ 800 ఎందుకో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

స్కూటర్‌కు పెద్ద లోడు పడదు. కారు సంగతి వేరు. 3.3 కిలోవాట్ల ఛార్జర్ అంటే రెండు ఏసీలు రాత్రంతా నడిచినట్టే. మీ మీటరుకు మంజూరైన లోడు ఎంతో ముందు బిల్లులో చూసుకోండి.

అసలు కష్టం ఫ్లాట్ కమిటీ దగ్గర. "మంటలు లేస్తే ఎవరిది పూచీ, దాదా?" అన్నారు కార్యదర్శి. ఆయన భయం తప్పని నేననను. నా మీటరు నుంచే లైను, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని, విడిగా ఎంసీబీ, ఖర్చంతా నాది అని రాసిచ్చాక ఒప్పుకున్నారు. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ ఉత్తరం కూడా తీసుకున్నాను. బదిలీ అయితే సాకెట్ ఆయనకే మిగులుతుంది!

ఒక మాట మన ఆఫీసర్లకు. బండి లోను ఇచ్చేటప్పుడు జీతం స్లిప్పు అడుగుతాం, ఇన్సూరెన్స్ అడుగుతాం. ఛార్జింగ్ ఎక్కడ పెడతారని కూడా అడగండి.

కమిటీకి రాసిన ఉత్తరం నకలు నా దగ్గర ఉంది. కావలసినవాళ్లు టీ దగ్గర కలవండి.